క్షేత్ర శిబిరంలో వంటపాత్రల ఎంపిక

సర్వే పనికి బయలుదేరే ముందు మన సంస్థలో సామానుల జాబితా ఒకటి తయారవుతుంది. థియోడొలైటు, లెవెల్ పరికరం, స్టాఫ్, ఉక్కు టేపు, గుడారాలు, తాళ్ళు, మందుల పెట్టె మొదలైన ప్రతి వస్తువుకూ సంఖ్య, కొలత, స్థితి వ్రాసి ఉంటాయి. ఆ జాబితా చివరన ‘వంటపాత్రలు – ఒక సెట్టు’ అని ఒక పంక్తి ఉంటుంది. ఆ సెట్టులో ఏమున్నదో సాధారణంగా ఎవరూ అడగరు. అడిగి తీరవలసిన విషయమని మాకు 1996లో అనుభవపూర్వకంగా తెలిసింది. ఆనాడు ఆ పంక్తి క్రింద సంతకం చేసినవారిలో మేమూ ఉన్నాము గనుక, ఆ పాఠాన్ని సహోద్యోగులతో పంచుకొనడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

రొహతాంగ్‌కు ఆవల

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ ప్రాంతంలో చంద్రా, భాగా నదులు తండి వద్ద కలసి చంద్రభాగ అవుతాయి. ఆ నదియే దిగువన చీనాబ్‌గా ప్రసిద్ధి చెందింది. 1996 సెప్టెంబరు చివరి వారంలో భాగా లోయలో, జిస్పా గ్రామానికి ఎగువన, సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున మా శిబిరం వెలసింది. మొత్తం తొమ్మిదిమందిమి. నలుగురు ఇంజనీర్లు, నలుగురు ఖలాసీలు, ఒక వంటమనిషి. ఇంజనీర్లలో ముగ్గురం తెలుగువారము. ఈనాడు మనాలి నుండి లాహౌల్‌కు అటల్ సొరంగం గుండా వెళ్ళవచ్చును. సుమారు 9 కిలోమీటర్ల పొడవు గల ఆ సొరంగం 2020 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ రోజులలో మనాలి నుండి రావాలంటే 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రొహతాంగ్ కనుమను దాటవలసిందే. అక్కడ మంచు పడితే లారీలు ఆగిపోయేవి.

పదిహేను రోజులకు సరిపోతుందన్న అంచనాతో 40 లీటర్ల కిరోసిను తీసుకొని వెళ్ళాము. స్టోరు నుండి వచ్చిన ‘ఒక సెట్టు’ను విప్పి చూస్తే మూడు పెద్ద అల్యూమినియపు దబరాలు, ఒక బాణలి, ఒక పెనం, రెండు గరిటెలు కనిపించాయి. దబరాలు పలుచని రేకువి. వాటికి మూతలు లేవు. ప్రెషర్ కుక్కరు అసలే లేదు. మోత తేలికయింది గదా అని మేము సంతోషించిన మాట దాచవలసిన పని లేదు.

మొదటి రోజు నుండే కందిపప్పు మాతో మొండికేసింది. నీళ్ళు తెర్లుతూనే ఉండేవి, పప్పు మాత్రం గింజ గింజగానే ఉండేది. అన్నం అడుగంటేది, పైన పలుకుగా మిగిలేది. రెండు పంపు స్టవ్వులు ఉదయం, సాయంత్రం గంటల తరబడి మండేవి. రోజుకు మూడున్నర లీటర్లకు పైగా కిరోసిను ఖర్చవుతున్నదని లెక్క చూచుకొనేసరికి వారం గడచిపోయింది.

ఎనిమిదవ రోజున పని ముగించి వచ్చేసరికి చీకటి పడింది. కంది పప్పుతో విసిగిన వంటమనిషి ఆ రాత్రి రాజ్మా పొయ్యి మీద పెట్టాడు. గింజలు ముందుగా నానలేదు. కిరోసిను తగ్గుతున్నదన్న బెంగతో గంటంబావుకే దింపమని చెప్పినది మేమే. పైన మెత్తగా కనిపించినా లోపల గట్టిగానే ఉన్నాయి. ఆకలి మీద తిన్నాము. రెండు గంటలు గడవకముందే వాంతులు మొదలయ్యాయి. తొమ్మిదిమందిలో ఐదుగురం పడకేశాము. అందరిలో పెద్దవాడైన ఖలాసీ ఒకరు తెల్లవారేవరకు లేవలేకపోయారు. మందుల పెట్టెలో ఉన్న ఉప్పు–పంచదార పొడులను నీటిలో కలిపి, చెంచాతో త్రాగిస్తూ ఆ రాత్రి గడిపాము. డాక్టరు ఉన్న చోటికి చేరాలంటే జీపులో కేలాంగ్ పోవాలి. ఆ చీకటిలో, ఆ దారిలో జీపు కదిలే స్థితి లేదు. తెల్లవారాక ఆయన లేచి కూర్చొని వేడి నీళ్ళడిగినప్పుడు మాకు ప్రాణం లేచి వచ్చింది.

నీరు మంచిది కాదేమోనని ఆనాడు అందరం అనుకొన్నాము. అసలు సంగతి చాలాకాలం తరువాత తెలిసింది. రాజ్మా గింజలలో లెక్టిన్ జాతికి చెందిన ఒక సహజ విషపదార్థం ఉంటుంది. బాగా నానబెట్టి, ఆ నీరు పారబోసి, 100 డిగ్రీల వేడిలో తగినంతసేపు మరగనిస్తే అది నశిస్తుంది. 80 డిగ్రీల ప్రాంతంలో అరకొరగా ఉడికిస్తే దాని ప్రభావం పచ్చి గింజలలో కంటె కూడా పెరగవచ్చునని ఆహార శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. తిన్న ఒకటి నుండి మూడు గంటలలో వాంతులు మొదలుకావడం దాని లక్షణం. మా అస్వస్థతకు కారణం అదేనని ఏ పరీక్షా తేల్చలేదు గాని, లక్షణాలన్నీ సరిగ్గా సరిపోయాయి.

నీరు మరిగినంత మాత్రాన

తొమ్మిదవ రోజు సాయంత్రానికి 7 లీటర్ల కిరోసిను మిగిలింది. కనుమ మీద మంచు పడిందనీ, సరుకుల లారీ అవతలనే నిలిచిపోయిందనీ కబురు వచ్చింది. జిస్పాలో ఒక ఇంటికి వెళ్ళి సాయమడిగాము. ఆ ఇంటి పెద్దావిడను మేమందరం మాతాజీ అని పిలిచేవారము. ఆమె మా గోడు విని, తన వంటింటిలోని పాత కుక్కరు తెచ్చి మా చేతిలో పెట్టి, ‘ఇక్కడ నీళ్ళు పొంగుతాయి గాని ఉడికించవు, నాయనా’ అన్నది. ఇంజనీరింగు పట్టాలు గల మాకు మొదటిరోజే తోచవలసిన మాట అది.

నీరు 100 డిగ్రీల వద్ద మరగడమనేది సముద్రమట్టం దగ్గరి మాట. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. దానితోపాటు మరుగు ఉష్ణోగ్రత దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. మా శిబిరం దగ్గర అది సుమారు 88 డిగ్రీలు. మంట ఎంత పెంచినా తెరచి ఉన్న పాత్రలో నీటి వేడి అంతకు మించదు. పెంచిన మంట అంతా ఆవిరై పోతుందే గాని గింజలోకి వెళ్ళదు.

కుక్కరు ఈ కట్టడిని దాటిస్తుంది. ఆవిరిని బంధించి వంట చేయవచ్చునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పపాన్ 1679లోనే చూపించాడు. మన ఇళ్ళలోని కుక్కరు వెయిట్ లోపలి ఒత్తిడిని బయటి గాలి ఒత్తిడి కంటె చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము అధికంగా నిలుపుతుంది. సముద్రమట్టం వద్ద దాని వలన లోపలి వేడి 120 డిగ్రీలకు చేరుతుంది. 3,500 మీటర్ల ఎత్తున బయటి ఒత్తిడే తక్కువ గనుక 114 డిగ్రీల ప్రాంతంలో ఆగుతుంది. మైదానంలో కంటె మరికొంత సేపు ఉంచవలసి వస్తుంది. అయినా 88కీ 114కీ గల వ్యత్యాసమే మా ప్రాణాలను కుదుటపరచింది. మూడు గంటలు ఉడికినా లొంగని కందిపప్పు మాతాజీ కుక్కరులో అరగంట లోపునే మెత్తబడింది. లారీ వచ్చినది పదునాలుగవ రోజు సాయంత్రం. మిగిలిన 7 లీటర్లతో ఆ ఐదు రోజులూ గడిచిపోయాయి. డబ్బా అడుగున కొంచెం మిగిలింది కూడా.

మూత విలువ

ఆ ఐదు రోజులలో మేము చేసిన మరొక పని, బియ్యపు డబ్బా రేకు కత్తిరించి దబరాలకు మూతలు చేయడం. దాని ఫలితాన్ని లెక్క వేసి చూచినవారు ఇక మూత లేని పాత్ర కొనరు.

10 డిగ్రీల వేడి గల 5 లీటర్ల నీటిని 88 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,630 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. మరుగుతున్న నీటిలో ఒక్క లీటరు ఆవిరై పోవడానికి సుమారు 2,290 కిలోజౌళ్ళు కావాలి. అనగా, మూత లేని పాత్ర నుండి ఒక లీటరు నీరు గాలిలో కలిసినప్పుడు, ఐదు లీటర్లను మరిగించడానికి పట్టిన దానికంటె ఎక్కువ ఇంధనం దానితోపాటు పోయిందన్నమాట. స్టవ్వు నుండి పాత్రకు 40 శాతం ఉష్ణమే అందుతుందనుకొంటే, ఆ ఒక్క లీటరు ఆవిరి ఖరీదు దాదాపు 165 మిల్లీలీటర్ల కిరోసిను. మేము పప్పు వండిన ప్రతిసారీ మూడు నాలుగు లీటర్ల నీరు మళ్ళీ మళ్ళీ చేర్చేవారమని గుర్తు చేసుకొంటే, 33 లీటర్లు తొమ్మిది రోజులలో ఎలా కరిగిపోయాయో తెలుస్తుంది.

పాత్ర చేతిలో తేలికగా ఉన్నదని మురిసిపోరాదు. మూతలు, కుక్కరు విడిచిపెట్టి మేము మిగుల్చుకొన్నది నాలుగైదు కిలోల బరువు. అందువలన దుబారా అయిన కిరోసిను 20 లీటర్లనుకొన్నా, దాని బరువు 16 కిలోలు. పాత్ర బరువును ఇంధనపు బరువుతో కలిపి తూచవలెను.

లోహాల గుణగణాలు

శిబిరానికి ఏ లోహం మంచిదని తరచు అడుగుతూ ఉంటారు. అన్ని పనులకూ ఒకే లోహం పనికిరాదు.

అల్యూమినియం తేలిక, ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు మాత్రమే. వేడిని స్టెయిన్‌లెస్ స్టీలు కంటె పది రెట్లకు పైగా వేగంగా వ్యాపింపజేస్తుంది. అన్నానికి, పప్పుకు ఇది అనుకూలం. అయితే రేకు దళసరిగా ఉండాలి. పలుచని రేకులో మంట తగిలినచోటే మాడుతుంది, సొట్టలు పడి మూత కూర్చోదు. రెండవ లోపం పులుపు. చింతపండు పులుసు, చారు, టమాటా వంటివి అల్యూమినియాన్ని తింటాయి. కూర రంగు మారి లోహపు రుచి వస్తుంది. హార్డ్ అనొడైజింగ్ చేసిన పాత్రలలో పైపొర గట్టిపడి ఉండడం వలన ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఇసుకతోనూ ఇనుప పీచుతోనూ తోమితే ఆ పొర గీతలు పడి పలుచనవుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు పులుపుకు చలించదు, సొట్ట పడదు, ఇసుకతో తోమినా ఓర్చుకొంటుంది. కాని వేడిని సమంగా పరచదు. ఒకే చోట మండే పంపు స్టవ్వు మీద స్టీలు దబరాలో అన్నం వండితే మధ్యలో నల్లని చక్రం తప్పదు. అడుగున అల్యూమినియపు దిమ్మె పొదిగిన స్టీలు పాత్ర ఈ రెంటి గుణాలనూ కలుపుకొన్నది. నీళ్ళు కాచడానికీ చారుకూ మామూలు స్టీలు చాలును.

ఇత్తడి, రాగి వేడిని బాగా పంచుతాయి గాని బరువు ఎక్కువ. వాటికి లోపల కళాయి ఉండి తీరాలి. కళాయి అంటే తగరమే గదా; అది 232 డిగ్రీలకే కరుగుతుంది. శిబిరంలో ఒకరు చూడకుండా వట్టి పాత్రను మంట మీద పెడితే కళాయి కరిగి పోతుంది. పిదప పులుపు వండితే ఆరోగ్యానికే ముప్పు. కనుక వీటిని ఇంటివద్దనే ఉంచడం మేలు.

ఈ మధ్య పర్వతారోహకుల కోసం టైటానియపు గిన్నెలు వస్తున్నాయి. బలానికి, తేలికకు అవి పేరు పొందినవే. వేడిని పంచడంలో మాత్రం స్టీలుకు దగ్గరివే. ఒంటరి బాటసారి నీళ్ళు కాచుకొనడానికి చక్కగా ఉపయోగపడతాయి. నలుగురికి అన్నం వండడానికి వాటి మీద అంత ధనం వెచ్చించనక్కరలేదు.

అంటుకోని పూత గల పెనాలను కడగడానికి నీరు తక్కువ పడుతుంది. నీటి కొరత గల చోట అది చిన్న లాభం కాదు. కాని వట్టి పెనాన్ని 260 డిగ్రీలు దాటి కాలనిస్తే ఆ పూత చెడడం మొదలై, మరింత కాలితే హానికరమైన పొగలు వస్తాయి. కట్టెల మంట వేడి మన అదుపులో ఉండదు గనుక ఆ మంట మీద పాత ఇనుప పెనమే శ్రేష్ఠం.

పొయ్యికి తగిన పాత్ర

పాత్రను పొయ్యితో జతపరచి చూడకుండా కొనడం, మోటారును చూడకుండా పంపు కొనడం వంటిది. చిన్న స్టవ్వు మీద వెడల్పయిన దబరా పెడితే రెండు చిక్కులు వస్తాయి. మొదటిది పడిపోవడం. మరుగుతున్న ఐదు లీటర్ల పులుసు కాళ్ళ మీద పడితే కలిగే ప్రమాదం వివరించనక్కరలేదు. రెండవది కంటికి కనిపించనిది. వెడల్పయిన చల్లని అడుగు మంటను అణచి, గాలి ఆడనీయక, ఇంధనాన్ని సగమే మండనిస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. చలి ఎంత ఉన్నా స్టవ్వును గానీ, నిప్పుల కుంపటిని గానీ మూసిన గుడారంలోకి, మూసిన బండిలోకి తేరాదు. వంట అంతా గాలి ఆడే చోటనే కానివ్వాలి. 

గ్యాసు డబ్బాను ప్రక్కన అమర్చి వాడే చిన్న కాసెట్ స్టవ్వుల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. పెద్ద పెనం ఆ డబ్బా పైవరకు విస్తరిస్తే పెనం వేడికి డబ్బా కాగి, లోపలి ఒత్తిడి పెరిగి పేలవచ్చును. పాత్ర అడుగు స్టవ్వు చట్రాన్ని దాటకుండా చూచుకొనవలెను. గడ్డకట్టే చలిలో ఇంకొక ఇబ్బంది: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరిగా మారడమే మానివేస్తుంది. ప్రొపేన్ కలిసిన గ్యాసు అంతకంటె చలిలోనూ పనిచేస్తుంది.

కట్టెల పొయ్యి మీద వండేటప్పుడు గిన్నె వెలుపల పలుచగా మట్టి మెత్తే అలవాటు మన పల్లెలలో ఉన్నది. మసి ఆ మట్టితోనే ఊడివస్తుంది, తోమడానికి నీరు కలిసివస్తుంది. మెత్తడం కుదరకపోతే అడుగు మసిని తళతళలాడేటట్లు తోమనక్కరలేదు. నల్లని అడుగు మంట వేడిని బాగానే గ్రహిస్తుంది. గిన్నెకు ఒక గుడ్డ సంచి కుట్టించుకొంటే మిగిలిన సామాను మసి కాదు.

కుటుంబంతో వెళ్ళేవారికి

ఈ మధ్య మన సహోద్యోగులలో కొందరు సెలవులకు వంట సదుపాయం గల కారవాన్ బండ్లలోనూ, సొంత కార్లలో గుడారంతోనూ ప్రయాణిస్తున్నారు. పైన చెప్పిన సూత్రాలే వారికీ వర్తిస్తాయి. కాకపోతే బండిలో బరువు కంటె స్థలం పెద్ద సమస్య. ఒకదానిలో ఒకటి ఇమిడే దబరాలు, పిడులు లేకుండా పటకారుతో పట్టుకొనేవి, మూతనే పళ్ళెంగా వాడుకోదగినవి ఎంచుకొనవలెను. లోతు తక్కువ పాత్రల కంటె లోతైనవి మేలు. నేల వాలుగా ఉన్నచోట తొణకవు. బండి నడుస్తుండగా వంట ఎట్టి పరిస్థితులలోనూ కూడదు.

ఇండక్షన్ పొయ్యి వాడదలచినవారు పాత్ర అడుగుకు అయస్కాంతం అంటుకొంటుందో లేదో చూచి కొనాలి. స్టీలు పాత్రలన్నీ పనికిరావు. బ్యాటరీ లెక్క కూడా ముఖ్యమే. 12 వోల్టుల, 100 ఆంపియర్–అవర్ల బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్ల విద్యుత్తు. లెడ్–ఆసిడ్ రకమైతే అది పాడుకాకుండా వాడుకోదగినది అందులో సగమే. 1,500 వాట్ల పొయ్యి అరగంటలో 0.75 యూనిటు తాగుతుంది. అందుచేత గ్యాసునూ, కుక్కరునూ పూర్తిగా విడిచిపెట్టరాదు.

మేము సూచించే జాబితా

తొమ్మిదిమంది గల శిబిరానికి:
1. 7.5 లీటర్ల ప్రెషర్ కుక్కర్లు రెండు. ఐ.ఎస్. 2347 ప్రమాణపు ముద్ర గలవి. ఒకటి చెడినా రెండవది ఉంటుంది.
2. వాటికి అదనంగా రెండు రబ్బరు గాస్కెట్లు, రెండు సేఫ్టీ వాల్వులు, ఒక వెయిట్. ఇవి మందుల పెట్టెలోనే ఉంచవలెను.
3. దళసరి అల్యూమినియపు దబరా ఒకటి, స్టీలు దబరాలు రెండు. అన్నిటికీ బిగువైన మూతలు.
4. ఇనుప పెనం, బాణలి ఒక్కొక్కటి, గట్టి పటకార్లు రెండు.

నలుగురు గల కుటుంబానికి 3 లీటర్ల కుక్కరు ఒకటి, ఇమిడే స్టీలు దబరాలు రెండు, చిన్న పెనం, పటకారు, గరిటె చాలును.

కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు, పప్పుధాన్యాలైతే సగమే. బయలుదేరే ముందురోజు ఇంటివద్ద ఆ స్టవ్వు మీద, ఆ పాత్రలలోనే ఒక పూట వంట చేసి చూడవలెను. పరికరాలను కేలిబ్రేషను చేయకుండా సర్వేకు పోనివారము, పాత్రలను పరీక్షింపకుండా మాత్రం ఎందుకు పోవాలి? కొండలకు పోయేవారు రాజ్మా, శనగలు ముందురాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, కుక్కరులోనే వండవలెను. కుక్కరు లేనప్పుడు వాటి జోలికి పోరాదు. అటుకులు, రవ్వ, పెసరపప్పు వంటి త్వరగా ఉడికే దినుసులతో సరిపెట్టుకొనడం క్షేమం.

తిరుగు ప్రయాణంలో కుక్కరు ఇచ్చివేయడానికి జిస్పాలో ఆగినప్పుడు మాతాజీ డబ్బు పుచ్చుకొనలేదు. కొత్త గాస్కెట్ ఒకటి పంపిస్తే చాలునన్నది. మనాలి బజారులో రెండు కొని లారీ డ్రైవరు చేతికిచ్చి పంపాము. ఆ తరువాత మేము వెళ్ళిన ప్రతి శిబిరపు సామానుల జాబితాలోనూ ‘వంటపాత్రలు – ఒక సెట్టు’ అన్న పంక్తిని కొట్టివేసి, పై నాలుగు పంక్తులూ వ్రాయిస్తూ వచ్చాము. ఇకమీద అటువంటి జాబితా మీ ముందుకు సంతకానికి వచ్చినప్పుడు చివరి పంక్తిని కూడా చదవవలసినదిగా కోరుతున్నాము.